నూట అరవై ఎనిమిది వోల్టులు

నాకు అనుమానం ఎక్కువని మా అమ్మ ఎప్పుడూ అంటుంది. పాలవాడి లీటరు దగ్గర్నుంచి పాస్టరుగారి ఉపవాసం దాకా దేన్నీ ఊరికే నమ్మనట. నిజమే. ముప్పయ్యేళ్ళుగా శబ్దాలతో బతుకుతున్నవాణ్ణి. మనిషి నోరు ఒకటి చెబుతుంటే గొంతు ఇంకోటి చెప్పడం ఎన్నోసార్లు విన్నాను. కానీ దానం మామను మాత్రం ఎన్నడూ అనుమానించలేదు. ఆయన్ని అనుమానించడమంటే నన్ను నేను అనుమానించుకోవడమే.

దేవదానం మామ మాకు రక్తసంబంధం కాదు. మౌలాలి దగ్గర ఒకప్పుడు ఒక ఇనుప ఫౌండ్రీ ఉండేది. ఇప్పుడు అక్కడ అపార్టుమెంట్లున్నాయి. మా నాన్న మాణిక్యం అందులో ఖలాసీ. క్రేను మోసుకొచ్చే ఇనుమును కింద నిలబడి చేయూపుతూ దింపించడం ఆయన పని. దానం మామ అదే ఫౌండ్రీలో కరెంటు సబ్‌స్టేషను ఆపరేటరు. నాకు రెండేళ్ళప్పుడు, 1977లో, క్రేను నుంచి ఇనుము జారి మీద పడి నాన్న చనిపోయాడు. తాగిన మత్తులో బరువు కింద నిలబడ్డాడని విచారణ జరిపినవాళ్ళు రాశారు. ఆ తర్వాత మాకు అన్నీ దానం మామే. నన్ను బళ్ళో వేసిందీ, రేడియో విప్పి లోపలేముందో చూపించిందీ, ఇంజనీరింగు కాలేజీ గేటు దాకా స్కూటరు మీద దింపిందీ ఆయనే. పెళ్ళి చేసుకోలేదు. మా అమ్మ కరుణమ్మను చెల్లె అని పిలుస్తాడు. ప్రతి ఆదివారం చర్చి నుంచి నేరుగా మా ఇంటికొచ్చి అమ్మ చేతి అన్నం తిని వెళతాడు. ఆయన పళ్ళెం మా ఇంట్లో వేరే ఉంటుంది.

ఆ రోజుల్లో దానం మామ గిటారు వాయించేవాడు. ఫౌండ్రీ కుర్రాళ్ళు నలుగురు కలిసి రాక్ బ్యాండు ఒకటి పెట్టి, దానికి ఇనుము కరిగించే కొలిమి పేరు, కుపోలా అని పెట్టుకున్నారు. చేసింది ఒకే ఒక్క రికార్డు. దాని రెండో పక్క పాటలో నలభై అయిదు సెకన్ల గిటారు ఉంది. పాత రాక్ సంగీతం పిచ్చివాళ్ళు ఇన్నేళ్ళ తర్వాత దాన్ని వెతికి పట్టుకున్నారు. లావుపాటి, వెచ్చటి ధ్వని. మీటగానే కొంచెం కుంగి, తర్వాత నిదానంగా విచ్చుకుంటుంది. ముప్పై ఒకటో సెకను దగ్గర స్వరం ఒక్కసారిగా లోతుకు దిగిపోతుంది. ముప్పై తొమ్మిదో సెకను దగ్గర ఉన్నట్టుండి పైకి లేస్తుంది. ఆ లేవడాన్ని అనుకరించబోయి ఎంతమంది గిటారిస్టులు చేతులెత్తేశారో లెక్కలేదు. టూరింగ్ టాకీసులో పారేసిన వాల్వు యాంప్లిఫయరును తెచ్చి దానం మామే బాగుచేసుకున్నాడట. నాన్న పోయిన ఏడే గిటారు మానేశాడు, యాంప్లిఫయరును సుత్తితో పగలగొట్టాడు. స్నేహితుడు పోయిన దుఃఖం అనుకున్నాం అందరం.

తార్నాకలో నేను పనిచేసే చిన్న ప్రయోగశాలలో ఒక సాఫ్ట్‌వేర్ తయారైంది. దాని పని వెనక్కి వినడం. మామూలుగా యాంప్లిఫయరును కంప్యూటరులో దించాలంటే ఆ డబ్బా ఎదురుగా ఉండాలి. మాకు అక్కర్లేదు. రికార్డయిన శబ్దం ఇస్తే, దాని వెనక ఏ తీగ, ఏ వాల్వు, ఎంత మందం అట్ట ఉన్న స్పీకరు ఉంటే అలా మోగుతుందో అది లెక్క కట్టుకుంటుంది. పగిలిపోయిన డబ్బాను కూడా మళ్ళీ మోగిస్తుంది. మొదటి పరీక్షకు కుపోలా పాటే పెడదామన్నాను. అదృష్టం కూడా కలిసొచ్చింది. బ్యాండులో డ్రమ్ములు వాయించినాయన పోయాక, వాళ్ళమ్మాయి ట్రంకుపెట్టె సర్దుతుంటే గిటారు ఒక్కటే రికార్డు చేసిన అసలు స్పూలు టేపు దొరికింది.

దానం మామ సంబరపడతాడనుకుని పరుగున వెళ్ళి చెప్పాను. ఆయన టేపు ఎవరిచ్చారని అడిగాడు. ఎంత పొడవుందని అడిగాడు. చివరిదాకా విన్నావా అని అడిగాడు. తన గిటారు మళ్ళీ ఎలా మోగుతోందో మాత్రం అడగలేదు.

"పారెయ్ దాన్ని," అన్నాడు చివరికి. "పీనుగను లేపి కూసోబెడితే లేసి నడుస్తదా?"

ముసలితనం చాదస్తం అనుకుని వచ్చేశాను. కానీ ఆ మూడు ప్రశ్నలూ నాతోపాటే ఆఫీసుకు వచ్చాయి.

మా పరీక్ష ముందుకు కదల్లేదు. అసలు టేపుకూ మా సాఫ్ట్‌వేర్ వాయించినదానికీ మధ్య తేడాను తెర మీద 'మిగులు' అని చూపిస్తాం. అది సున్నాకు దిగితే యాంప్లిఫయరు దొరికినట్టు. పంతొమ్మిది రోజులు తిప్పలు పడ్డా నాలుగు శాతం దగ్గర మొండికేసింది. వాల్వులు మార్చాం, ట్రాన్స్‌ఫార్మరు మార్చాం, స్పీకరుకు చిరుగు కూడా పెట్టి చూశాం. లెక్కలు చూసే ఫర్హానా అప్పుడొక మాట అంది. ఇంటి కరెంటును రెండువందల ముప్పై వోల్టులని మేమే గట్టిగా బిగించేశామట. ఇక్కడ పుట్టి పెరిగిన మనిషి, ఆ కాలంలో మౌలాలిలో నిండు కరెంటు ఉందని ఎలా నమ్మారు సార్ అని అడిగింది. నాకు నవ్వొచ్చింది, సిగ్గు కూడా వేసింది. వోల్టేజీని కూడా సాఫ్ట్‌వేర్‌నే కనుక్కోమన్నాం. పది నిమిషాల్లో మిగులు అర శాతానికి దిగిపోయింది. తెర మీద అంకె వచ్చింది. నూట అరవై ఎనిమిది.

కరెంటు తగ్గితే వాల్వులు నీరసించి మెత్తగా మోగుతాయి. రహస్యం అంతే. అయినా నేను వెంటనే నమ్మలేదు. యంత్రం తోచింది చెబుతోందేమో. అందుకని ఒక పాత వాల్వు యాంప్లిఫయరును అద్దెకు తెచ్చి, ఫర్హానాను పక్క గదిలో కూర్చోబెట్టి, నాకు చెప్పకుండా వోల్టేజీ మారుస్తూ పొమ్మన్నాను. నేనిక్కడ వాయించి రికార్డు చేశాను. పన్నెండుసార్లు చేస్తే పన్నెండుసార్లూ ఒక్క వోల్టు అటూ ఇటూగా సరిగ్గా చెప్పింది. ఇక అనుమానించడానికి యంత్రం మిగల్లేదు.

టేపు మొత్తాన్ని దానికి వినిపించాం. మొదట దానం మామ తీగలు బిగించుకుంటున్న చప్పుడు ఉంది. అక్కడ వోల్టేజీ రెండువందల ఇరవై తొమ్మిది. తర్వాత టేపు ఆగింది. మళ్ళీ మొదలయ్యేసరికి నూట అరవై ఎనిమిది. నాకు తెలిసిన లో వోల్టేజీ ఒక చోట నిలవదు, బల్బులో కూడా వణుకుతుంది. ఇదేమో ఎవరో మీటరు ముల్లు పట్టుకుని నిలబెట్టినట్టు కదలకుండా ఉంది. ముప్పై ఒకటో సెకనులో ఒక్కసారిగా నూట యాభై ఒకటికి పడింది. ఎనిమిది సెకన్లు అక్కడే ఉంది. ముప్పై తొమ్మిదో సెకనులో తటాలున మళ్ళీ నూట అరవై ఎనిమిదికి లేచింది.

అందరూ ప్రాణంపెట్టి వినే ఆ లేవడం చేతి పనితనం కాదు. అదే లైను మీద ఏదో పెద్ద మోటారు ఎనిమిది సెకన్లు బరువెత్తి, ఒక్కసారిగా ఆ బరువు వదిలేసింది.

అసలు టేపులోంచి గిటారును పూర్తిగా తీసేస్తే ఏం మిగులుతుందో విందామని ఫర్హానా అంది. విన్నాం. కుర్చీ కిర్రుమనడం, ఎవరిదో దగ్గు. పాట అయిపోయిన పదకొండు సెకన్లకు, గోడ అవతల చాలా దూరంగా, పొట్టిగా మూడుసార్లు ఏదో కూసింది. తర్వాత కుర్చీ పడిపోయిన చప్పుడు, పరుగెత్తే అడుగులు. టేపు అయిపోయింది.

అదేమిటో ఫర్హానాకు తెలియదు. నాకూ తెలియదనే చెప్పాను. ఫౌండ్రీ సైరనేమోనన్న అనుమానం మాత్రం పైకి అనలేదు.

ఆ ఆదివారం మా ఇంట్లో భోజనాల దగ్గర మాటల్లో మాటగా అడిగాను. పాత ఫౌండ్రీలో సైరను ఎలా ఉండేదమ్మా అని. అమ్మ దానం మామ పళ్ళెంలో పచ్చిపులుసు పోస్తోంది.

"షిఫ్టుకు ఒకటే పొడుగు కూత," అంది. "మూడు పొట్టి కూతలు గూస్తే ఎవలకో ఏమో అయిందన్నట్టు. ఆ ఏడాది ఒక్కసారే గూసింది. పొయ్యి మీద పప్పుండె నాకు. పగటీలి అన్నానికొస్తడని జూస్తున్న."

అమ్మ ఆ రోజు గురించి అంతకు మించి ఎప్పుడూ మాట్లాడదు. నాన్న గురించి అసలు మాట్లాడదు. మా గోడల మీద క్రీస్తు ఉన్నాడు, మా తాత ఉన్నాడు, నా కాలేజీ గ్రూపు ఫోటో ఉంది, నాన్న లేడు. తాగి పిల్లాణ్ణి గాలికొదిలేసి పోయినవాడికి గోడ మీద చోటెందుకని చిన్నప్పుడొకసారి అంది. మళ్ళీ అడగలేదు.

నేను దానం మామ వంక చూశాను. ముద్ద కలిపిన చెయ్యి పళ్ళెంలోనే ఆగిపోయింది.

మీ పాట ఎప్పుడు రికార్డు చేశారు మామా అని అడిగాను.

"మీ నాయన పోకముందే," అన్నాడు. "నెల ముందట."

ఆ అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో వింటే ఎవరికైనా తెలుస్తుంది, చాలాసార్లు వాడి అరిగిన మాట అని. ఆ రోజంతా నా మనసు పోకూడని చోట్లకు పోయింది. ఆయన పెళ్ళెందుకు చేసుకోలేదు? ఇన్ని ఆదివారాలు ఎందుకు వచ్చాడు? కావాలనే చేశాడా? అమ్మ కోసమా? అమ్మకు తెలుసా? ఆయన కొనిపెట్టిన నా మొదటి రేడియో ఇప్పటికీ అలమరాలో ఉంది. దాన్ని చూడలేక అలమరా తలుపు మూసేశాను. ఇలా ఆలోచిస్తున్నందుకు నన్ను నేను అసహ్యించుకున్నాను. అయినా ఆలోచన ఆగలేదు.

సోమవారం పొద్దున ఆయన్ని ప్రయోగశాలకు రమ్మన్నాను. రానంటాడనుకున్నాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని వచ్చాడు. ఫర్హానాను బయట కూర్చోమని, తెర మీద వోల్టేజీ అంకె కనపడకుండా కాగితం అంటించి, గిటారు ఆయన చేతికిచ్చాను. చాలాసేపు ఒళ్ళో పెట్టుకుని చూశాడు. డెబ్బై అయిదేళ్ళ వేళ్ళు, వంకర తిరిగి ఉన్నాయి. మొదటి తీగ మీటాడు. స్పీకర్లలోంచి ఆ ధ్వని వచ్చింది, లావుగా, వెచ్చగా, కొంచెం కుంగి విచ్చుకుంటూ. ఎంత అనుమానంలో ఉన్నా అబద్ధం చెప్పను, అంత అందమైన శబ్దం నేను నా గదిలో ఎప్పుడూ వినలేదు.

"కరెంటు ఎంతుంది మామా?" అని అడిగాను.

ఆయన కాగితం వైపు చూడలేదు.

"నూట అరవై ఎనిమిది," అన్నాడు. "మీటరు ముల్లు ఆడ నిలబెట్టి ఉరికొచ్చిన."

గిటారు బల్ల మీద పెట్టేసి ఆయనే చెప్పాడు. నేను గుచ్చి గుచ్చి అడగాల్సిన పనిలేకపోయింది. సబ్‌స్టేషనులో చేత్తో తిప్పే చక్రం ఒకటి ఉండేదట. దాంతో లైను వోల్టేజీ పెంచొచ్చు, తగ్గించొచ్చు. ఒకరోజు లైను వాలిపోయినప్పుడు తన యాంప్లిఫయరు అలా పాడటం విన్నాడు. ఆ తర్వాత నిండు కరెంటులో అది వాయిస్తే ఆయనకు రుచించలేదు. బ్యాండు వాయించే క్లబ్బు హాలుకూ, క్రేనుకూ ఒకటే లైను. అందుకని లంచిలో రికార్డు పెట్టుకున్నాడు. పగటి పన్నెండున్నర నుంచి ఒకటిన్నర దాకా క్రేను లేవదు. ఆ మాట ఆయనకు చెప్పింది మా నాన్నే. నేను చూసుకుంటా, పోయి వాయించుకో అన్నాడట. దానం మామ చక్రం తిప్పి, డ్యూటీ వదిలేసి, రోడ్డు దాటి హాలుకు వెళ్ళాడు.

"ఫోర్‌మను ఒక్క లోడు ఎత్తుమన్నడంట. లారీ నిలబడ్డదంట," అన్నాడు. "అది చుంబకం క్రేను కొడుకా. కరెంటు తక్కువైతే పట్టు తక్కువైతది. నాకు దెల్సు. నాకే దెల్వాలె. మీ నాయన ఏమెరుగక దాని కింద నిలబడ్డడు."

"తాగిండా?"

"ముట్టలే. ఆ దినం గాదు, నేను జూసినన్నడు ముట్టలే."

ఎవరు రాశారు మరి, ఎందుకు రాశారు అని అడిగాను. లంచిలో క్రేను ఎత్తించినందుకు ఫోర్‌మను తన తప్పు దాచుకోవాలి. చుంబకం ఎందుకు వదిలిందో ఎవరికీ అంతుబట్టలేదు. చచ్చినవాడు తాగాడంటే అందరి చిక్కూ తీరిపోతుంది. దానం మామను పిలిచి మీటరు ఎంతుందని అడిగారు. రెండువందల ముప్పై అని చెప్పాడు. రిజిస్టరులో అలాగే రాసి ఉంది.

అప్పుడు ఆయన గొంతు మారింది. అంతవరకు చెప్పిందంతా ఎన్నోసార్లు మనసులో అనుకుని ఉంటాడు. ఇది మాత్రం కొత్తగా వచ్చింది.

"సైరను గూస్తే ఉరికిన. యాడికి ఉరికినననుకున్నవ్? మీ నాయన కాడికి గాదు. ముందు సబ్‌స్టేషనుకు. ముందు సక్రం దిప్పి ముల్లు సక్కజేసిన. గప్పుడు బోయిన మీ నాయన కాడికి. అప్పటిదాంక పాణమున్నదంట. నా పేరే పిలిశిండంట."

నేను ఆయన్ని కొట్టాలనుకున్నాను. ఆయన పక్కన కూర్చుని ఏడవాలనుకున్నాను. రెండూ చేయలేదు. తెర మీది కాగితం పీకేసి వోల్టేజీ బొత్తాన్ని రెండువందల ముప్పైకి తిప్పాను. టేపులోని ఆయన చేతినే, ఆ పాత వేళ్ళనే, నిండు కరెంటులో వాయించమని సాఫ్ట్‌వేర్‌కు చెప్పాను. అది వాయించింది.

పొడిగా ఉంది. గట్టిగా, మామూలుగా, చప్పగా ఉంది. ముప్పై ఒకటో సెకనులో ఏమీ దిగలేదు. ముప్పై తొమ్మిదో సెకనులో ఏమీ లేవలేదు. స్వరం తన దారిన తాను సాగి అయిపోయింది. ఎవరూ వెతికి పట్టుకునే పాట కాదు.

దానం మామ తల వంచుకుని మొత్తం విన్నాడు.

"గిది గూడ మంచిగనే ఉన్నది గద," అన్నాడు. "గప్పుడు గింతనే ఉన్నా నాకు సరిపోయేది గదరా."

ఈ ఫైలు చెరిపేస్తే ఎవరికీ తెలియదని ఒక్క క్షణం అనిపించిన మాట నిజం. అమ్మకు డెబ్బై దగ్గరపడుతున్నాయి. ఆమెకున్న ఒకే ఒక్క అన్న ఈయన. కానీ ఒక అబద్ధం కింద నాన్న నలభై ఎనిమిదేళ్ళుగా పడి ఉన్నాడు. ఆ మాట నేను అనేలోపే ఆయన లేచి చెప్పులేసుకున్నాడు. పద, చెల్లెకు నేనే చెబుతానన్నాడు.

మధ్యాహ్నం అమ్మ వాకిట్లో బియ్యం ఏరుతోంది. ఆయన లోపలికి రాలేదు. గేటు బయట నిలబడే అంతా చెప్పాడు, చక్రం సంగతి, మీటరు సంగతి, పొద్దున నిండు కరెంటులో విన్న రెండో పాట సంగతి, ముందు ఎక్కడికి పరుగెత్తాడో ఆ సంగతి కూడా. అమ్మ చేట మీంచి చెయ్యి తీయలేదు, తల ఎత్తలేదు. అమ్మ అడిగింది ఒక్కటే.

"తాగలేదా?"

"తాగలే, చెల్లె."

"ఆదివారం రాకు," అంది అమ్మ. "నీ పళ్ళెం పెట్ట."

ఆయన నిలబడ్డాడు. ఇంకేదో వస్తుందని చూశాడు. రాలేదు. వెళ్ళిపోయాడు. మలుపు దాకా నేను చూస్తూనే ఉన్నాను. నాకు ఆయన మీద కోపం ఉంది, ఆయన వెంట వెళ్ళాలనీ ఉంది. ఆ రెండూ ఇప్పటికీ ఉన్నాయి. కుపోలా ధ్వనిని బయటికి ఇవ్వడం లేదని మర్నాడు ఫర్హానాకు చెప్పాను, ఎందుకో కూడా చెప్పాను.

ఆ మధ్యాహ్నం ఆయన వెళ్ళాక అమ్మ చేట పక్కనపెట్టి లోపలికొచ్చింది. ఆ పాట నీ ఫోన్లో ఉందా అని అడిగింది. రికార్డులో ఉన్న పాట పెట్టబోయాను. అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"అది గాదు. రెండోది ఉన్నదన్నడు గద. నిండు కరెంటుది. అండ్ల లోడు పడదు గద?"

"పడదమ్మా."

"ఆగు మరి."

మంచం కింద నుంచి పెట్టె లాగింది. చీరల అడుగున, మొహం కిందికి పెట్టి దాచిన ఫోటో ఒకటి తీసింది. తెల్ల చొక్కా వేసుకున్న పాతికేళ్ళ కుర్రాడు, నా వయసులో సగం ఉన్నవాడు. అమ్మ కొంగుతో తుడిచింది. "బోర్ల పెట్టిన గదయ్యా నిన్ను, ఇన్నేండ్లు," అని మెల్లగా అంది, నాతో కాదు. మంచం మీద తన పక్కన దిండుకు ఆనించి నిలబెట్టింది.

"ఇగ పెట్టు," అంది నాతో. "ఇద్దరం వింటం."